రెండు చేతుల కత్తి

ఎల్లయ్యను నరికింది మంగళవారం మధ్యాహ్నం, కార్ఖానాల్లో భోజనం వేళ భోంగా సైరన్ మోగిన కాసేపటికి. అది 1986. దసరా వెళ్లి ఇంకా పది రోజులు కాలేదు. దీపావళికి చద్దర్ల గిరాకీ ఎక్కువ కాబట్టి సోలాపూర్‌లోని కొంతం చౌక్ చుట్టుపక్కల గల్లీల్లో పవర్‌లూమ్‌ల మోత రోజంతా కలిపి ఆ అరగంట మాత్రమే ఆగేది.

ఎల్లయ్య ఆ రోజు డబ్బా ఇంట్లోనే మర్చిపోయాడు. తల్లి యమునాబాయి జొన్నరొట్టెలు, పప్పు సర్దుకుని కార్ఖానాకు బయల్దేరింది. రంగుల కార్ఖానా వెనక సందులోంచి పోతే దగ్గర. ఆ సందులో మోరీ ఎప్పుడూ ఎర్రగానో నీలంగానో పారుతూనే ఉంటుంది. అందుకే మొదట ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. మోరీ బయట బండల మీద కూడా ఎరుపు కనిపించాక తలెత్తి చూసింది.

ఎల్లయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ భుజం మీద పడ్డ వేటు మెడ పక్క ఎముకను తెంచి, పక్కటెముకలను చీల్చుకుంటూ రొమ్ము నడుమ దాకా దిగింది. చెయ్యి తోలు ఆధారంగా వేలాడుతోంది. యమునాబాయి దగ్గరికి వెళ్లింది. డబ్బా కింద పెట్టి, ఆ చేతిని ఎత్తి మళ్లీ భుజానికి ఆనించి పట్టుకుంది. రంగుల కార్ఖానా మనుషులు వచ్చేసరికి అలాగే పట్టుకుని కూర్చుంది.

వార్త గల్లీల్లో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎవరో అరిచారు. "సిద్ధరాములు ఇంట్ల కత్తి ఉన్నదట! గుంటమగ్గంల దాసిపెట్టిండట!" అరిచింది ఎవరో తర్వాత ఒక్కరూ చెప్పలేకపోయారు.

సిద్ధరాములు అప్పుడు ఇంట్లో అన్నం తింటున్నాడు. భార్య చంద్రభాగ గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతోంది. ముప్పై నలభై మంది ఒక్కసారిగా లోపలికి వచ్చిపడ్డారు. ఆమె ఒళ్లోని చాట ఎగిరి తునికాకు, తంబాకు నేలంతా చెల్లాచెదురైంది. ముందు గదిలో సిద్ధరాములు తండ్రి నాటి గుంటమగ్గం ఉంది. నేసేవాడు కాళ్లు పెట్టుకునే ఆ గుంటలో ఒకడు చెయ్యి పెట్టి దేవాడు. గోనె సంచి చేతికొచ్చింది. సంచిలోంచి కత్తి బయటపడింది. నిలబెడితే మనిషి రొమ్ము దాకా వచ్చేంత పొడుగుంది. దాని మీద నెత్తురు ఇంకా ఆరలేదు.

"అది నాది కాదు. నేనెన్నడు చూడలే," అన్నాడు సిద్ధరాములు, చేతిలో అన్నం ముద్దతోనే.

ఆ తర్వాత అతన్ని మాట్లాడనివ్వలేదు. జుట్టు పట్టి గల్లీలోకి ఈడ్చారు. మగ్గం కర్రలతో, చెప్పులతో, ఉత్త కాళ్లతో కొట్టారు. ముక్కు పగిలింది. ముందు పళ్లు రెండు ఊడి బండల మీద పడ్డాయి. పక్కింటి రామచంద్రం, వారానికి రెండుసార్లయినా వాళ్లింట్లో చాయ్ తాగే మనిషి, సిద్ధరాములు కుడి చేతిని మెట్టు మీద అడ్డంగా పెట్టించి రెండు కాళ్లతో ఎగిరి దాని మీద దూకాడు. ఎముక విరిగిన చప్పుడు గల్లీ చివరిదాకా వినిపించింది. చంద్రభాగ మొగుడి మీద పడి అతన్ని తన ఒంటితో కప్పింది. అప్పుడే యమునాబాయి వచ్చింది. చీర ముందంతా కొడుకు నెత్తురే. ఆమె వంగి ఒక రాయి ఏరుకుని, దగ్గరికి వచ్చి, చంద్రభాగ నుదుటి మీద కొట్టింది.

పోలీసులు రాకుంటే సిద్ధరాములు అక్కడే చచ్చిపోయేవాడు.

జనం అంత సులువుగా నమ్మడానికి కారణం ఉంది. ఆ ఏడు ఎండాకాలంలో దత్తాత్రి సేఠ్ కార్ఖానాలో మంటలు లేచాయి. పత్తి నుసి, నూనె, ఎండిన కట్టె. పావుగంటలో కప్పు కూలింది. తలుపుకు బయటి నుంచి తాళం వేసి ఉంది. పనివాళ్లు చాయ్‌కని, బీడీకని బయటికి పోతున్నారని సేఠ్ కొడుకు గంగాధర్ పెట్టిన పద్ధతి అది. తాళంచెవి ఎల్లయ్య దగ్గర ఉండేది. అతను అక్కడ జాబర్, పనివాళ్ల మీద పెద్ద. ఆ పూట తాళం వేసి ఎటో వెళ్లాడు. పనిలోకి వస్తున్న సిద్ధరాములు ఒక ఇనుప కడ్డీతో కొండీ పగలగొట్టి, కాలుతున్న రేకు తలుపును ఎడమ చేత్తో లాగాడు. పద్నాలుగు మంది బయటపడ్డారు. కండెలు చుట్టే ఇద్దరు ఆడపిల్లలు లోపలే కాలిపోయారు. సిద్ధరాములు ఎడమ అరచెయ్యి ఆ రేకుకు అతుక్కుని ఊడొచ్చింది. మానాక ఆ చేతి వేళ్లన్నీ ముడుచుకుని ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇక మగ్గం మీద కూర్చోలేకపోయాడు.

తాళం అసలు లేదనీ, తలుపు దానంతటదే బిగుసుకుందనీ సేఠ్ మనుషులు చెప్పారు. ఎల్లయ్య కూడా అదే చెప్పాడు. ఒకరోజు చౌక్‌లో అందరి ముందు సిద్ధరాములు అతని కాలర్ పట్టుకున్నాడు.

"ఆ పిల్లల కేకలు నువ్వు ఇనలేదారా? నిజం జెప్పకపోతే నిన్ను ఇడిసిపెట్ట!"

ఆ మాట అందరికీ గుర్తుంది. ఆ తర్వాత నెలకు ఎల్లయ్య తనంతట తానే సిద్ధరాములు దగ్గరికి వచ్చి ఏడ్చిన సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. మంటల గురించి లేబర్ ఆఫీసర్ ముందు విచారణ ఈ వారం గురువారానికి పెట్టారు. అక్కడ నిజం చెప్తానన్నాడు. మంగళవారం హత్య జరిగింది.

బుధవారం పొద్దున చంద్రభాగ తలకు కట్టుతో తండ్రి కొమురయ్య ఇంటికి వెళ్లింది. కొమురయ్యకు అరవై దాటాయి. మగ్గాలు రిపేర్ చేసే ఫిట్టర్. సిద్ధరాములు అతని సొంత అక్క కొడుకే. కూతురి మొహం చూసి ముసలాయన తల కొట్టుకోబోతే ఆమె చెయ్యి పట్టుకుంది.

"బాపూ, ఏడ్సుడు తర్వాత. నువ్వు హైదరాబాద్‌ల కత్తుల దుకాణంల పన్జేసినవ్ గద?"

"చేసిన బిడ్డా. నలభై ఏండ్లాయె."

"గట్లయితే పోయి ఆ కత్తిని సూడు. అది మా ఇంటిది కాదు. ఎవలిదో కత్తే జెప్పాలె. ఇంకెవ్వలు జెప్పరు."

సిరిసిల్ల నుంచి పదిహేనేళ్లప్పుడు పారిపోయి కొమురయ్య హైదరాబాద్ చేరాడు. పాతబస్తీలో ఖాదర్ ఉస్తాద్ అనే ముసలి సాయిబు దగ్గర ఏడేళ్లు పనిచేశాడు. నవాబుల ఇళ్ల నుంచి మెరుగు పెట్టడానికి వచ్చే కత్తులను తోమడం, పిడి వదులైతే లక్క కరిగించి బిగించడం ఆ పని. ఉస్తాద్ కళ్లు మసకబారాక కత్తిని వేళ్లతో తడిమి దాని ఊరు చెప్పేవాడు. పోలీస్ యాక్షన్ తర్వాత దుకాణం మూతపడింది. కొమురయ్య సోలాపూర్ వచ్చి మగ్గాల్లో పడ్డాడు. కత్తుల గురించి మళ్లీ ఎవరూ అతన్ని అడగలేదు.

స్టేషన్‌లో ఎస్సై, అక్కడివాళ్ల మాటలో ఫౌజ్‌దార్, సోలాపూర్‌లోనే పుట్టి పెరిగిన మరాఠా. తెలుగు బాగా అర్థమయ్యేది, మాట్లాడేటప్పుడు మరాఠీ కలిసేది. కొమురయ్య వచ్చిన పని చెప్పగానే చిరాకు పడ్డాడు.

"నువ్వు ఆరోపీకి మామవు. నీ మాట కోర్టుల చెల్తదా?"

"ఎవలు నరికిండ్రో నేను జెప్ప సాబ్. కత్తి ఏందో, ఏడిదో అంతే జెప్త. అబద్ధమైతే తెలిసినోల్లను పిలిచి అడుగుండ్రి."

ఫౌజ్‌దార్ కాసేపు పెన్సిల్‌తో బల్ల మీద కొట్టాడు. నిజానికి అతనికీ ఒక తిప్పలుంది. పంచనామాలో హవల్దార్ 'పెద్ద కత్తి' అని రాసి ఊరుకున్నాడు. ఇద్దరు కమ్మరులను పిలిపిస్తే ఒకడు రాజస్థాన్‌ది అన్నాడు, ఇంకొకడు రజాకార్ల కాలంలో ఊళ్లలో కొట్టించింది అన్నాడు. రెండో మాట ఫౌజ్‌దార్‌కు నచ్చింది. సిద్ధరాములు వాళ్లు కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు, తాత ముత్తాతలు తెచ్చుకున్న కత్తి అయి ఉంటుందని అనుకున్నాడు.

"బఘ్, చూడు," అన్నాడు. "గుడ్డతో పట్టుకో. నెత్తురు తుడవకు."

కత్తిని బల్ల మీద పెట్టారు. అదే సమయానికి యమునాబాయిని కొడుకు బట్టలు గుర్తుపట్టడానికి పిలిపించారు. ఆమె గోడవారగా నేల మీద కూర్చుని ఉంది. కొమురయ్య వైపు చూసి మొహం తిప్పుకుంది.

కొమురయ్య ముందు ముట్టుకోలేదు. కళ్లజోడు పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాడు. తర్వాత జానతో కొలిచాడు. పిడి కాక ఉత్త అలుగే నాలుగున్నర జానలు దాటింది. నిటారుగా ఉంది, ఎక్కడా వంపు లేదు. నడుమ పొడుగునా మూడు సన్నటి గాడులు. రెండు వైపులా పదును. పిడి దగ్గర అలుగుకు ఇరువైపులా పూరేకుల అంచు ఉన్న ఇనుప పట్టీలు వేసి మేకులు కొట్టి ఉన్నాయి. చేతిని కాపాడే బుట్ట లాంటి పిడి. దాని వెనక నుంచి జానెడు పొడుగున ఇనుప కొమ్ము ఒకటి కొద్దిగా వంగి బయటికి వచ్చింది.

"ఇది ఫిరంగి," అన్నాడు.

ఫౌజ్‌దార్ నవ్వాడు. "ఫిరంగి అంటే తోప్ గద?"

"తోప్ కాదు సాబ్. ఫిరంగోల్లు, సముద్రం అవతలి తెల్లోల్లు. అలుగు వాళ్లది. పిడి మనది, మన దక్కన్‌ది. ఓడల మీద ఉత్త అలుగులు గోవల దిగుతుండె. ఈడి సర్దార్లు కొనుక్కొని మన పిడి ఏపిచ్చుకుంటుండ్రి."

"ఫిరంగ్!" అన్నాడు ఫౌజ్‌దార్, ఈసారి నవ్వకుండా. "మా ఆజోబా, మా తాత, ఆ మాట అంటుండె. నేను చూడలేదు ఎప్పుడూ. నీకెట్ల తెలుసు?"

కొమురయ్య గుడ్డ తడిపి, నెత్తురు లేని చోట ఒక గాడిలోని మురికిని మెల్లగా తుడిచాడు. పసుప్పచ్చటి సన్నని గీతలు బయటపడ్డాయి. ఇనుములో పొదిగిన ఇత్తడి. పరుగెత్తుతున్న నక్కో తోడేలో, చిన్నపిల్లలు గీసినట్టు నాలుగు కాళ్లు, ఒక తోక. "ఇది వాళ్ల కమ్మరోల్ల ముద్ర. మా ఉస్తాద్ నా ఏలు పట్టి దీని మీద పెట్టించెటోడు. గీ ముద్ర జర్మన్ల దేశంది అనెటోడు. రెండు నూర్ల ఏండ్ల కింది మాట, మూడు నూర్లు గూడ కావొచ్చు. రజాకార్ల కాలంల ఊరి కమ్మరి కొట్టేది కాదు ఇది. సాలోని ఇంట్ల పుట్టేది అసలే కాదు."

"కొనుక్కుని ఉండొచ్చు. దొంగిలించి ఉండొచ్చు."

"ఉండొచ్చు. కని దినాల కొద్ది గుంటల దాసింది కాదు. మగ్గం గుంటల ఎప్పుడు సల్లదనమే ఉంటది. సూది పడితే వారంల తుప్పు పడ్తది. దీని మీద తుప్పు చుక్క ఏది?"

ఫౌజ్‌దార్ వంగి చూశాడు. అలుగంతా నున్నగా ఉంది. పిడి కింద రెండు వేళ్ల వెడల్పు మేర మాత్రం నల్లటి తుప్పు ఉంది. ఆ తుప్పు కత్తిరించినట్టు ఒక గీత దగ్గర ఆగిపోయింది.

"గా గీతనే," అన్నాడు కొమురయ్య. "గీత దాకా ఒరల ఉండె. ఒర పొట్టిగున్నది, అందుకని పైన గాలి తలిగి తుప్పు పట్టింది. దీనికి ఒర ఉన్నది సాబ్. ఒర ఎవలింట్ల ఉంటే కత్తి ఆ ఇంటిది."

తర్వాత పిడి బుట్ట లోపల గోటితో గీరాడు. పొరలు పొరలుగా కుంకుమ, పసుపు రాలాయి. వాసన చూశాడు. కర్పూరం మసి. ఏళ్ల తరబడి దీనికి ఖండే నవమి, అంటే దసరా ముందు రోజు ఆయుధ పూజ, చేశారు. అంచు మీద సరికొత్త గీతలు ఉన్నాయి, అన్నీ అడ్డంగా. మొన దగ్గర ఇనుము నీలంగా మాడింది. అది చేత్తో పట్టిన సాన కాదు, కరెంటు మీద తిరిగే సానరాయి. తెలియనివాడు వేగంగా పెట్టాడు.

"మా అల్లునింట్ల కరెంటు బుగ్గ ఒక్కటే ఉన్నది," అన్నాడు కొమురయ్య.

హవల్దార్ అడ్డుపడ్డాడు. "నరకనీకి ఒక్క చెయ్యి చాలదా? వాడికి కుడి చెయ్యి మంచిగనే ఉండె గద నిన్నటి దాక?"

"మామూలు ఫిరంగిని ఒంటిచేత్తోటి తిప్పొచ్చు. ఇది గట్ల కాదు. దీని అలుగు రెండు చేతులోల్ల కోసం పుట్టింది. అందుకే ఎనుక కొమ్ము పెట్టిండ్రు, రెండో చెయ్యి ఆడ పట్టనీకి. నమ్మకపోతే ఎవల్నన్న తిప్పమను."

ఫౌజ్‌దార్ ఒక కానిస్టేబుల్‌ను పిలిచాడు. రోజూ తాలీమ్‌లో కుస్తీ పట్టే మనిషి, దూలం లాంటి మెడ. పెరట్లో పొట్టు నింపిన పాత గోనె సంచులు చుట్టి గుంజకు కట్టారు. కానిస్టేబుల్ ఒంటిచేత్తో ఎత్తి కొట్టాడు. కత్తి పక్కకు తిరిగి, గోనెను గీరి, అతని మణికట్టును మెలిపెట్టింది. రెండోసారీ అంతే. కొమురయ్య చెప్పినట్టు ఎడమ చెయ్యి కొమ్ము మీద వేసి, తల మీదికి ఎత్తి దించాడు. గోనె చుట్ట పై నుంచి నడుమ దాకా తెగి, కత్తి కట్టెలో దిగి ఆగింది. అందులోని పొట్టు నేల మీద పోసినట్టు రాలింది. కానిస్టేబుల్ పిడి వదిలేసి తన చేతులకేసి చూసుకున్నాడు.

పెరటి గుమ్మంలో నిలబడి యమునాబాయి అదంతా చూసింది. గోనె తెగినచోటికి వెళ్లి చెయ్యి పెట్టి తడిమింది.

"గిట్లనే ఉండె," అంది. "నా కొడుకు మీద గిట్లనే ఉండె." ఆమె కొమురయ్య వైపు తిరిగింది. "అన్నా, నీ అల్లుని ఎడమ చెయ్యి వేళ్లు కూడి ఉన్నయ్ గద?"

"కూడి ఉన్నయ్ చెల్లె."

ఆమె ఆ గోనె పక్కనే కూర్చుంది. చాలాసేపు ఏడ్చాక ఫౌజ్‌దార్‌తో చెప్పింది. సోమవారం రాత్రి అన్నం తింటూ ఎల్లయ్య తాళం సంగతి గురువారం చెప్పేస్తానన్నాడట. పొద్దున ఆ మాటే గంగాధర్‌కు కూడా మొహం మీద చెప్పి, తాళంచెవి అతని ముందు పడేస్తానన్నాడట. "మతి లేకుండె నాకు. అందరు సిద్ధరాములు అంటే సిద్ధరాములే అనుకున్న."

ఖండే నవమికి కత్తి పూజ చేసే ఇళ్లు ఆ పేటలో నాలుగైదు ఉంటాయి. కరెంటు సానరాయి ఉన్న కార్ఖానాతో కలిసిన ఇల్లు ఒక్క దత్తాత్రి సేఠ్‌దే. ప్రతి ఏడూ సేఠ్ కాషాయం గుడ్డ చుట్టిన పొడుగాటి కత్తిని మగ్గాల ముందు పీట మీద పెట్టేవాడు. గుడ్డ విప్పి చూసినవాళ్లు లేరు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి ఫౌజ్‌దార్, ముగ్గురు కానిస్టేబుళ్లు, కొమురయ్య ఆ ఇంటికి వెళ్లారు. యమునాబాయి పిలవకుండానే వెంట వచ్చి గడప దగ్గర నిలబడింది. ఇంటి వెనకే కార్ఖానా. కొత్త రేకుల కింద మగ్గాలు టకటకా ఆడుతున్నాయి.

దత్తాత్రి సేఠ్ తెల్లటి ధోతీలో, నుదుట బొట్టుతో ఎదురొచ్చాడు. సంగతి విని తొణకలేదు. దేవుడి గదిలోంచి కాషాయం మూట తెచ్చి విప్పాడు. లోపల వంపు తిరిగిన తల్వార్ ఉంది, రెండున్నర జానలుంటుంది.

"ఇదిగో మా కత్తి. మా తాతది. ఇంట్లనే ఉన్నది గద సాబ్!"

ఫౌజ్‌దార్ కొమురయ్య వైపు చూశాడు. కొమురయ్య తల్వార్ పిడి లోపల వేలు పెట్టి తీశాడు. వేలికి ఏమీ అంటలేదు.

"దీని ఒర ఏది సేఠ్?"

"ఒర లేదు."

తలుపు వెనక నిలబడ్డ సేఠ్ భార్యకు ఏమీ తెలియదు. మొగుడు మర్చిపోయాడనుకుంది. "లేకేంది? అటక మీద పెట్టిన గద, దసరా రోజు మీరే ఇస్తిరి," అంటూ లోపలికి పోయి రెండు చేతులతో పట్టుకొచ్చింది. ఎర్ర మఖ్మల్ తొడిగిన కట్టె ఒర. నిటారుగా, మనిషి నడుము దాకా.

సేఠ్ మొహం పాలిపోయింది. కొమురయ్య ఒర అందుకున్నాడు. తల్వార్‌ను అందులో పెట్టబోతే రెండు వేళ్లు దిగి, వంపు దగ్గర ఇరుక్కుంది. కానిస్టేబుల్ గోనెలోంచి ఫిరంగిని తీసి ఇచ్చాడు. కొమురయ్య మొనను ఒర నోట్లో పెట్టి వదిలాడు. అది తన బరువుతోనే లోపలికి జారింది. తుప్పు గీత దగ్గర వచ్చి ఆగింది. గీతకూ ఒర అంచుకూ నడుమ గోరు దూరేంత సందు కూడా లేదు.

"గంగాధర్ ఎక్కడ?" అన్నాడు ఫౌజ్‌దార్.

గంగాధర్ కార్ఖానా వైపు తలుపులోనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ గమనించలేదు. ముప్పై ఏళ్లుంటాయి, బలమైన మనిషి. ఒక్క ఉరుకున వచ్చి పిడి పట్టి లాగాడు. ఒర కొమురయ్య చేతుల్లోనే మిగిలింది.

మొదటి వేటు ముసలాయన తల మీదికే వచ్చింది. కొమురయ్య ఒరను అడ్డం పెట్టాడు. ఒర చెక్కలై ఎగిరింది. అతని ఎడమ చేతి వేళ్లు రెండు తెగి కిందికి దొర్లాయి. గంగాధర్ రెండో చేతిని కొమ్ము మీద వేసి కత్తిని మళ్లీ తల పైకి ఎత్తాడు. మంగళవారం సందులో ఎలా ఎత్తాడో అలాగే. కానిస్టేబుళ్లు ఇంకా లాఠీలు వెతుక్కుంటున్నారు.

దత్తాత్రి సేఠ్ నడుమకు వచ్చాడు. ఎవరిని కాపాడాలని వచ్చాడో అతనికే తెలియదేమో. "వద్దురా, పోలీసుల ముందు..." అంటూ కొడుకు మీదికి చేతులు చాచాడు. దిగుతున్న కత్తి ఆగలేదు. మెడకూ భుజానికీ నడుమ దిగింది. తెల్ల ధోతీ ఒక్కసారిగా తడిసింది. సేఠ్ మోకాళ్ల మీద పడి, కొడుకు చొక్కా పట్టుకుని, పట్టు వదిలేశాడు. అతని భార్య కేకకు వెనక మగ్గాలు ఒకటొకటే ఆగిపోయాయి.

గంగాధర్ కత్తిని లాగబోయాడు. ఎముకలో చిక్కుకుని రాలేదు. అప్పుడు కానిస్టేబుళ్లు అతని మీద పడ్డారు. కుస్తీ పట్టే కానిస్టేబుల్ అతని మెడ వంచి నేలకు అదిమాడు. పెనుగులాటలో కత్తి ఊడి పక్కకు పడింది. యమునాబాయి గడప దాటి వచ్చింది. కత్తిని రెండు చేతులతో పట్టి లేపింది.  గంగాధర్ మెడ ఆమె కాళ్ల దగ్గరే ఉంది.

కొమురయ్య నెత్తురు కారుతున్న చేత్తోనే అలుగును పట్టుకున్నాడు.

"ఇడువు చెల్లె."

"నువ్వు జరుగన్నా!"

"వీడు బతికి నోరు తెరువాలె. సస్తే నా అల్లుడు జైల్లనే ఉంటడు. నీ కొడుకు ఏం జెప్పదలిసిండో గది గూడ ఎవలికి తెల్వది."

ఆమె అతని చేతి నుంచి అలుగు మీదుగా జారుతున్న నెత్తురు చూసింది. మెల్లగా పట్టు వదిలింది. ఆ తర్వాత వంగి గంగాధర్ మొహం మీద ఉమ్మింది.

గంగాధర్ మధ్యాహ్నానికల్లా అంతా చెప్పాడు. తండ్రి శవాన్ని చూశాక అతనిలో అబద్ధం చెప్పే ఓపిక మిగల్లేదు. విచారణ దగ్గరపడుతుంటే ఎల్లయ్య మాట మారుస్తాడని భయపడి, అతని నోరు మూయించాలని సోమవారం కంటే ముందే అనుకున్నాడు. కత్తికి పదును పెట్టి ఉంచాడు. నరికాక గోనెలో చుట్టి, భోజనాల వేళ తలుపు తీసి ఉన్న సిద్ధరాములు ఇంటికి పెరటి దారిన వెళ్లి గుంటలో వేశాడు. చంద్రభాగ అప్పుడు కుళాయి దగ్గర ఉంది, సిద్ధరాములు ఇంకా ఇంటికి చేరలేదు. కత్తి ఉందని గల్లీలో మొదట కేక వేయించింది కూడా గంగాధరే. నెత్తురు కడుక్కుని, తెల్లవారి తండ్రితో చెప్పుకుంటే, ఆయనే ఎక్కడి నుంచో ఆ తల్వార్ తెప్పించి గుడ్డలో చుట్టాడు.

సిద్ధరాములును విడిచిపెట్టడానికి కాగితాలన్నీ నడిచేసరికి పదకొండు రోజులు పట్టింది. దీపావళి వెళ్లిపోయింది. ఆసుపత్రిలో కట్టు కట్టిన కుడి చెయ్యి వంకరగా అతుక్కుంది. ఎడమ చెయ్యి కాలింది, కుడి చెయ్యి విరిగింది. చంద్రభాగ అన్నం కలిపి నోట్లో పెట్టాల్సి వచ్చేది. ఆ రోజుల్లో యమునాబాయి రోజూ వచ్చి చంద్రభాగ పక్కన కూర్చుని బీడీలు చుట్టేది.  ఒకసారి యమునాబాయి చంద్రభాగ నుదుటి మీది మచ్చను తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చంద్రభాగ ఆ చేతిని పట్టుకుని తన నుదుటి మీద పెట్టుకుంది.

ఒక సాయంత్రం రామచంద్రం కొత్త చద్దర్ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వదినా, మందిల పడి కొట్టిన. సోయి లేకుండె నాకు. మాఫ్ చెయ్యి."

"యమునత్త గూడ రాయితోటి కొట్టింది," అంది చంద్రభాగ. "ఆమె కొడుకు సచ్చిండు. నీకెవలు సచ్చిండ్రు రామచంద్రం?"

అతను చద్దర్‌ను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. లోపలి నుంచి సిద్ధరాములు, "రానియ్యి చంద్రా, నిలబడ్డడు పాపం," అన్నాడు.

"నీ చెయ్యి మీద దుంకిండు. నీకు మాఫ్ చెయ్యాలని ఉంటే చెయ్యి. నేను చెయ్య. ఈ గడప నాది గూడ," అని ఆమె తలుపు దగ్గరికి వేసింది. రామచంద్రం చద్దర్‌తోనే వెనక్కి వెళ్లాడు.

కార్ఖానా విచారణ డిసెంబర్‌లో మళ్లీ పెట్టారు. కాలిపోయిన ఇద్దరు పిల్లల తల్లులు ముందు వరసలో కూర్చున్నారు. కొమురయ్య ఎడమ చేతికి ఇంకా గుడ్డ చుట్టే ఉంది. సిద్ధరాములు తాను చూసింది చెప్పాడు. సేఠ్ ఇంటివాళ్ల తరఫు వకీలు లేచి, గంగాధర్ పోలీసుల ముందు చెప్పింది ఇక్కడ చెల్లదని, తాళం వేసిందెవరో చూసినవాళ్లు లేరని, చెప్పగలిగినవాడు బతికి లేడని అన్నాడు.

వెనక నుంచి యమునాబాయి లేచింది. ఎవరూ పిలవలేదు. కొంగు సరిచేసుకుని ముందుకు నడిచి, ఆఫీసర్ వైపు కాకుండా ఆ ఇద్దరు తల్లుల వైపు తిరిగి నిలబడింది.

"తాళం ఏపిచ్చింది గంగాధర్," అంది. "ఏసింది నా కొడుకు ఎల్లయ్య. నాతోటి వాడే జెప్పిండు. రాయుండ్రి."